కోళ్లు వరుసగా చనిపోతున్నాయా? నీళ్లలో పౌడర్ కలిపే ముందు 'కోళ్ల కలరా' గురించి తెలుసుకోండి

రాత్రి మామూలుగా గూట్లోకి వెళ్లిన పెట్ట తెల్లారేసరికి చనిపోయి ఉంటుంది. ముందు రోజు గింజలు తింది, గుడ్డు కూడా పెట్టింది. మర్నాడు ఇంకో పెట్ట పోతుంది. ఆ తర్వాత పుంజు ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని ఓ మూల కూర్చుంటుంది. నాటు కోళ్లు పెంచే ఇళ్లలో ఈ వరుస చాలామందికి తెలిసిందే. ఊళ్లో అయితే 'తెగులు తగిలింది' అని ఊరుకుంటారు. సిటీ శివార్లలో, మేడ మీద నాలుగు కోళ్లు పెట్టుకున్నవాళ్లు ముందు యూట్యూబ్ చూస్తారు. తర్వాత షాపుకెళ్లి యాంటీబయాటిక్ పౌడర్ ప్యాకెట్ తెచ్చి నీళ్లలో కలుపుతారు. రెండు మూడు రోజుల్లో చావులు ఆగుతాయి. హమ్మయ్య అనుకుంటారు. కొన్ని వారాలకు మళ్లీ మొదలవుతుంది.

ఆ 'మళ్లీ మొదలవడం' దగ్గరే మీరు అనుమానించాల్సిన జబ్బుల్లో ఒకటి కోళ్ల కలరా. పశువైద్యులు దీన్ని ఫౌల్ కలరా అంటారు. ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చే అంటువ్యాధి. మందు వేస్తే తగ్గినట్టు కనిపిస్తుంది, కానీ మందలోంచి పోదు. అయితే వరుసగా చనిపోయే ప్రతి కోడీ కలరాతోనే పోతోందని అనుకోవడానికి లేదు. వైరస్ వల్ల వచ్చే కొక్కెర తెగులు కావచ్చు, బర్డ్ ఫ్లూ కూడా కావచ్చు. ఈ మూడింటినీ కంటితో చూసి విడదీయడం అనుభవం ఉన్న డాక్టర్లకే కష్టం. తేల్చి చెప్పేది ల్యాబ్ పరీక్ష. ఆ సేవ ప్రభుత్వ పశువైద్య వ్యవస్థలో ఉంది. ఉందన్న సంగతి మాత్రం నగరాల్లో కోళ్లు పెంచేవాళ్లలో చాలామందికి తెలియదు.

ఇదేమీ కొద్దిమంది గొడవ కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో కోళ్లు, బాతుల్లాంటి పెంపుడు పక్షులు 85 కోట్లకు పైగా ఉన్నాయి. వాటిలో దాదాపు 31.7 కోట్లు పెరటి పక్షులే. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 10.7 కోట్లకు పైగా, తెలంగాణలో సుమారు 8 కోట్లు లెక్క తేలాయి. పెద్ద ఫారాలకు సొంత డాక్టర్లు, టీకాల షెడ్యూలు ఉంటాయి. పెరటి కోడికి ఉన్నది మీరు, మీ దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాల. అంతే.

మనుషుల కలరాకీ దీనికీ సంబంధం ఉందా?

లేదు. మనుషులకు కలరా తెచ్చేది విబ్రియో కలరే అనే బ్యాక్టీరియా. కోళ్ల కలరాకు కారణం పాశ్చురెల్లా మల్టోసిడా. ఉన్నట్టుండి విరేచనాలు, వెంటనే చావులు కనిపించడంతో పాత రోజుల్లో ఇదే పేరు పెట్టారు, అది అలాగే ఉండిపోయింది. కాబట్టి మీ కోడికి కలరా వస్తే మీ ఇంట్లో వాళ్లకు కలరా రాదు.

అలాగని ఈ బ్యాక్టీరియా మనుషుల జోలికి అసలు రాదని కాదు. మనుషుల్లో దీని ఇన్ఫెక్షన్లు ఎక్కువగా పిల్లి, కుక్క కరిచినప్పుడో రక్కినప్పుడో వస్తాయి, ఎందుకంటే వాటి నోట్లో కూడా ఇది ఉంటుంది. కోళ్ల నుంచి రావడం అరుదు. అయినా చేతికి గాయం ఉన్నప్పుడు చనిపోయిన కోడిని ఉత్త చేతులతో పట్టుకోకండి. అది ఏ జబ్బుతో పోయిందో ఆ సమయానికి మీకు తెలియదు కదా.

ఎలా కనిపిస్తుంది?

తీవ్రంగా వచ్చినప్పుడు చాలాసార్లు ఏ లక్షణమూ కనిపించదు. మొదటి లక్షణమే చావు. కాస్త టైమిస్తే జ్వరం, మేత మానేయడం, నోట్లోంచి జిగట కారడం, ఊపిరి వేగంగా తీయడం కనిపిస్తాయి. విరేచనాలు ముందు నీళ్లలా తెల్లగా, తర్వాత ఆకుపచ్చగా, జిగటగా అవుతాయి. చనిపోయే ముందు తల మీది జుట్టు, గడ్డం కింది తమ్మెలు నీలి రంగుకు తిరుగుతాయి. ఈ జబ్బు పెద్ద కోళ్లను ఎక్కువగా పట్టుకుంటుంది. 16 వారాలు దాటిన కోళ్లకు ముప్పు ఎక్కువ. అందుకే 'పిల్లలు బాగానే ఉన్నాయి, గుడ్లు పెట్టే పెట్టలే పోతున్నాయి' అన్న మాట వింటే డాక్టర్ వెంటనే దీని గురించి ఆలోచిస్తారు. ఆ సంగతి మీరే ముందు చెబితే ఇంకా మంచిది.

టర్కీ కోళ్లు, బాతులు కూడా దీనికి లోకువే. సరదాకి కోళ్లతో పాటు ఒక జత టర్కీలనో బాతులనో కలిపి పెంచేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు కాబట్టి ఈ మాట గుర్తుంచుకోవాలి.

రెండో రకం నెమ్మదిగా సాగేది. కోడి చావదు. ఒక తమ్మె ఉబ్బి గట్టిపడుతుంది. కాలి కీలు వాచి కుంటుతుంది. కంటి చుట్టూ వాపు, ముక్కులోంచి చీమిడి, గొంతులో గురక ఉంటాయి. కొన్నింటికి మెడ పక్కకు తిరుగుతుంది. మెడ తిరిగితే కొక్కెరే అని ఊళ్లో తేల్చేస్తారు గానీ అది ఒక్కటే కారణం కానక్కర్లేదు. ముఖం వాచి, ముక్కు కారితే కొరైజా అనే ఇంకో బ్యాక్టీరియా జబ్బు కూడా అయ్యుండొచ్చు.

అసలు చిక్కు: బతికిన కోడి

జబ్బు పడి కోలుకున్న కోడి గురించి మనకు ఓ నమ్మకం ఉంది. 'తట్టుకుని నిలబడింది, గట్టి కోడి' అంటాం. దాన్నే తల్లి కోడిగా ఉంచుకుంటాం. కోళ్ల కలరా విషయంలో అదే కొంప ముంచుతుంది.

కోలుకున్న కోడి ముక్కులో, గొంతులో ఈ బ్యాక్టీరియా నెలల తరబడి, కొన్నిసార్లు బతికినంత కాలం ఉండిపోతుంది. కోడికి ఏ ఇబ్బందీ ఉండదు. కానీ అది నీళ్ల గిన్నెలో ముక్కు పెట్టిన ప్రతిసారీ కొంత బ్యాక్టీరియాను అందులో వదులుతుంది. మిగతా కోళ్లు అవే నీళ్లు తాగుతాయి. బయటి నుంచి ఏ కొత్త కోడీ రాకపోయినా జబ్బు తిరగబెట్టడానికి ఇదే కారణం. వానలు మొదలైనప్పుడు, చలి ముదిరినప్పుడు, ఈకలు రాల్చే కాలంలో, గూడు ఇరుకైనప్పుడు, కడుపులో పురుగులు ఎక్కువైనప్పుడు కోడి ఒంట్లో శక్తి తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే జబ్బు బయటపడుతుంది. మనం వాతావరణాన్ని తిట్టుకుంటాం.

మందలోకి మొదటిసారి ఎలా వస్తుంది? ఎక్కువగా సంతలో కొన్న కోడి ద్వారానో, బంధువులిచ్చిన పెట్ట ద్వారానో వస్తుంది. సంక్రాంతి ముందు పుంజులు ఊళ్లు మారుతుంటాయి, అదీ ఓ దారే. ఎలుకలు కూడా దీన్ని మోయగలవు. గూటి దగ్గర రాత్రి గింజలు మిగిలిపోతే ఎలుకలకు విందే. అన్నిటికన్నా ప్రమాదం, చనిపోయిన కోడిని గూట్లో వదిలేయడం. మిగతా కోళ్లు దాన్ని పొడుస్తాయి. ఆ శరీరం నిండా బ్యాక్టీరియా ఉంటుంది. ఆదివారం పొద్దున ఫామ్ ప్లాటుకి వెళ్లి, వారమంతా పడి ఉన్న కోడిని చూసేవాళ్లకు ఇది బాగా వర్తిస్తుంది.

ఊరటనిచ్చే విషయం ఒకటుంది. ఈ జబ్బు గుడ్డు ద్వారా పిల్లలకు రాదు. పుల్లోరం అనే తెల్లపారుడు వ్యాధి మాత్రం గుడ్డు ద్వారా పిల్లలకు వస్తుంది. రెండింటినీ కలిపి చూడకండి.

పౌడర్ పనిచేసినట్టే ఉంది కదా, తప్పేంటి?

కోళ్ల కలరాకు యాంటీబయాటిక్స్ పనిచేస్తాయి. సల్ఫా మందులు, టెట్రాసైక్లిన్ రకాలు వాడతారు. చావులు తగ్గుతాయి కూడా. కానీ మందు ఆపగానే జబ్బు తిరగబెట్టడం దీని స్వభావం. ముక్కులో దాక్కున్న బ్యాక్టీరియాను మందు పూర్తిగా తుడిచిపెట్టదు. పైగా జబ్బు పడ్డ కోడి నీళ్లు తాగదు. మీరు బక్కెట్లో కలిపిన మందంతా బాగున్న కోళ్లు తాగేస్తాయి, అవసరమైన కోడికి అందదు. ఎంత కలపాలో బరువును బట్టి డాక్టర్ చెప్పాలి. ప్యాకెట్ వెనక ఉన్నది వేల కోళ్ల ఫారం లెక్క. మీ ఐదు లీటర్ల గిన్నెకు చెంచాలతో కొలవడం ఊహే.

ఇంకో మూడు ఇబ్బందులున్నాయి. ఒకటి, అసలు జబ్బు కొక్కెరో బర్డ్ ఫ్లూనో అయితే ఈ పౌడర్ వైరస్‌ను ఏమీ చేయదు, మీరు విలువైన రోజులు పోగొట్టుకుంటారు. రెండు, మందు పడ్డాక చనిపోయిన కోడిని ల్యాబ్‌కు తీసుకెళ్తే బ్యాక్టీరియా పెరగకపోవచ్చు, రిపోర్టులో ఏమీ తేలదు. మూడు, మందు గుడ్డులోకి, మాంసంలోకి వెళ్తుంది. మందు ఆపాక ఎన్ని రోజులు గుడ్లు, మాంసం తినకూడదో ప్యాకెట్ మీద ఉంటుంది. పిల్లలకు రోజూ నాటు గుడ్డు పెట్టాలనే కోళ్లు పెంచుకునే ఇంట్లో ఆ లైను చదవకపోవడం విడ్డూరమే.

'కోలిస్టిన్' అనే మందు ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. మనుషుల్లో ఏ మందూ పనిచేయని ఇన్ఫెక్షన్లకు చివరి ఆయుధంగా దాచుకున్న యాంటీబయాటిక్ అది. మాంసం, గుడ్లు, పాల కోసం పెంచే జంతువుల్లో దాని వాడకాన్ని కేంద్రం 2019లో నిషేధించింది. పసుపు, వెల్లుల్లి, తులసి కషాయాల వీడియోల సంగతంటారా, వాటిని మేతలో కలిపితే పెద్ద నష్టం లేదు. వాటిని నమ్ముకుని డాక్టర్ దగ్గరకు వెళ్లకపోవడమే నష్టం.

మరి ఎవరిని అడగాలి?

ఇక్కడే నగరవాసులకు అయోమయం. మున్సిపల్ కార్పొరేషన్‌లో వెటర్నరీ విభాగం ఉంటుంది. అది ప్రధానంగా వీధి కుక్కలు, కబేళాల పని చూస్తుంది. మీ కోడికి వైద్యం చేయడం దాని పని కాదు. వైద్యం, టీకాలు, పరీక్షలు రాష్ట్ర పశుసంవర్ధక శాఖ చూస్తుంది. మీ ప్రాంతంలో ఆ శాఖ పశువైద్యశాల ఎక్కడుందో కనుక్కోండి. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో అయితే రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడిని అడగొచ్చు. హైదరాబాద్‌లో నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతిలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. వాటికి దగ్గర్లో ఉండేవాళ్లు అక్కడా అడగొచ్చు.

రెండు రాష్ట్రాల్లోనూ 1962 టోల్ ఫ్రీ నంబర్ ఉంది. సంచార పశువైద్య వాహనాల కోసం పెట్టిన నంబర్ ఇది. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఈ వాహనాలు మొదలయ్యాయి. అయితే 108లాగా అర్ధరాత్రి ఇంటి ముందుకు వస్తుందని అనుకోకండి. పల్లెల్లోని పశువులను దృష్టిలో పెట్టుకుని పెట్టిన సేవ ఇది, దానికి పని వేళలున్నాయి. నగరంలో నాలుగు కోళ్ల కోసం వాహనం రాకపోవచ్చు. అయినా ఫోన్ చేయండి. ఏ ఆసుపత్రికి వెళ్లాలో కనుక్కోవచ్చు. అమ్మానాన్నలు ఊళ్లో కోళ్లు పెంచుతుంటే ఈ నంబర్ వాళ్ల ఫోన్‌లో సేవ్ చేసి పెట్టండి, అక్కడ ఎక్కువ పనికొస్తుంది.

ఆసుపత్రిలో ఏం జరుగుతుంది? డాక్టర్ చనిపోయిన కోడికి పోస్టుమార్టం చేస్తారు. కోళ్ల కలరా అయితే గుండె మీద సూది మొనలంత రక్తపు చుక్కలు, కాలేయం మీద తెల్లటి చిన్న మచ్చలు కనిపించొచ్చు. కాలేయాన్ని గాజు పలకకు అద్ది, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే ఈ బ్యాక్టీరియా రెండు చివర్లా రంగు పట్టి, మధ్యలో ఖాళీగా, మూసిన సేఫ్టీ పిన్నులా కనిపిస్తుంది. అనుమానానికి ఇది చాలు. నిర్ధారణకు, ఏ మందు పనిచేస్తుందో తెలియడానికి కల్చర్ చేయాలి. ఆ సౌకర్యం చిన్న ఆసుపత్రిలో ఉండదు, నమూనాను పెద్ద ల్యాబ్‌కు పంపుతారు. హైదరాబాద్ శాంతినగర్‌లోని వీబీఆర్ఐ అలాంటిదే. బ్యాక్టీరియా పెరగడానికే ఒకటి రెండు రోజులు, మందుల పరీక్షకు ఇంకో రోజు పడుతుంది. ఈలోగా డాక్టర్ తన అంచనా మీద చికిత్స మొదలుపెట్టొచ్చు.

'నాలుగు వందల కోడికి ఇంత హంగామా ఎందుకు' అని కౌంటర్ దగ్గర ఎవరైనా విసుక్కుంటే చిన్నబోకండి. 'వరుసగా ఇన్ని చనిపోయాయి, పోస్టుమార్టం కావాలి' అని సూటిగా అడగండి. ఒక కోడికి వైద్యం అడగడం వేరు, మందలో అంటువ్యాధి ఉందని చెప్పడం వేరు. రెండోది వినడం వాళ్ల బాధ్యత.

కోడిని ఎలా తీసుకెళ్లాలి?

వెళ్లే ముందు ఫోన్ చేసి, తెమ్మంటేనే తీసుకెళ్లండి. ఒకటి రెండు కోళ్లు పోయిన సందర్భంలో మాత్రమే ఈ పద్ధతి. చేతులకు గ్లవ్స్, ముఖానికి మాస్కు వేసుకుని కోడిని రెండు ప్లాస్టిక్ కవర్లలో గట్టిగా మూయండి. చుట్టూ ఐస్ ప్యాకులు పెట్టి పాత థర్మాకోల్ డబ్బాలో సర్దండి. ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టొద్దు. గడ్డకట్టి కరిగితే లోపలి భాగాలు పరీక్షకు పనికిరాకుండా పోతాయి. పైగా అదే ఫ్రీజర్‌లో మీ పిల్లల ఐస్‌క్రీమ్ ఉంటుంది. చనిపోయిన కొన్ని గంటల్లో చేరితే మంచిది. ఆలస్యమైపోయిందా? అయినా అడిగి చూడండి. మిగతా శరీరం పాడైనా కాలి ఎముకలోని మూలుగ నుంచి ఈ బ్యాక్టీరియాను పెంచే వీలుంటుంది.

ఒక కాగితం మీద ఇవి రాసి పట్టుకెళ్లండి: మొత్తం ఎన్ని కోళ్లు, వాటి వయసు, ఎప్పటి నుంచి ఎన్ని పోయాయి, ఈ నెలలో కొత్తగా ఏమైనా తెచ్చారా, ఏ టీకాలు వేశారు, ఇప్పటికే ఏ మందు కలిపారు. చివరిది దాచొద్దు. డాక్టర్ కోప్పడతారేమోనని చాలామంది చెప్పరు, దాంతో ల్యాబ్ రిపోర్టు తప్పుదారి పడుతుంది.

ఈ సందర్భంలో మాత్రం కదలొద్దు, ఫోన్ మాత్రమే చేయండి

ఒక్క రోజులో చాలా కోళ్లు పోతే, చుట్టుపక్కల ఇళ్లలోనూ పోతుంటే, కాకులో కొంగలో చచ్చిపడి కనిపిస్తే కోడిని ముట్టుకోకండి, ఎక్కడికీ తీసుకెళ్లకండి. పశువైద్యశాలకు ఫోన్ చేసి వాళ్లు వచ్చేదాకా ఆగండి. 2025 ఫిబ్రవరిలో తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారం, పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరు ప్రాంతాల ఫారాల్లో కోళ్లు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. నమూనాలను భోపాల్‌లోని జాతీయ హై సెక్యూరిటీ ల్యాబ్‌కు పంపితే బర్డ్ ఫ్లూ అని తేలింది. బర్డ్ ఫ్లూ పరీక్షలకు దేశంలో ప్రధాన ల్యాబ్ అదే. ఈ జబ్బులోనూ జుట్టు నీలంగా మారుతుంది, ఉన్నట్టుండి చావులు ఉంటాయి. అంటే పైన మీరు చదివిన లక్షణాలే. కలరాయేలే అని మీరు పంచిన ధైర్యం పక్కింటివాళ్లకు ముప్పు కావచ్చు.

చట్టం ఏం చెబుతుంది? పరిహారం వస్తుందా?

పశువుల్లో అంటువ్యాధుల నివారణ, నియంత్రణకు 2009 నాటి కేంద్ర చట్టం ఒకటుంది. దాని జాబితాలో ఉన్న పక్షుల జబ్బుల్లో కోళ్ల కలరా కూడా ఉంది. అలాంటి జబ్బు ఉందని అనుమానం వస్తే యజమాని సమాచారం ఇవ్వాలి, జబ్బు పడ్డవాటిని వేరు చేయాలి. ఊళ్లో అయితే పంచాయతీకి చెప్పాలని చట్టంలో ఉంది. మీరు నేరుగా పశువైద్యశాలకు చెబితే త్వరగా పనవుతుంది. అంటువ్యాధితో చనిపోయిందని తెలిసీ దాన్ని చెరువులోనో కాలువలోనో పడేయడం చట్టం దృష్టిలో నేరం. గోదావరి, కృష్ణా కాలువల్లో తేలే గోనెసంచులు చూసినవాళ్లకు ఈ సెక్షన్ ఎంత అమలవుతోందో వేరే చెప్పక్కర్లేదు.

పరిహారం మీద ఆశ పెట్టుకోకండి. బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు వ్యాప్తి ఆపడానికి ప్రభుత్వమే చంపించే కోళ్లకు పరిహారం ఇస్తారు. అప్పటికే జబ్బుతో చనిపోయినవాటికి రాదు. కోళ్ల కలరాతో పెరటి కోళ్లు పోతే ఆ నష్టం మీదే.

చనిపోయిన కోడిని ఏం చేయాలి? స్థలం ఉంటే బావికి, బోరుకి దూరంగా నాలుగడుగుల లోతు గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. కుక్కలు తవ్వలేనంత లోతు ఉండాలన్నదే ముఖ్యం. అపార్ట్‌మెంట్లో, మేడ మీద పెంచేవాళ్లకు ఆ వీలు లేదు. చెత్త బండిలో వేయకండి. ఆసుపత్రిలో పోస్టుమార్టం అయ్యాక అక్కడే వదిలే ఏర్పాటు ఉందేమో అడగండి. లేదంటే చనిపోయిన జంతువులను ఎవరు తీసుకెళ్తారో మున్సిపల్ హెల్ప్‌లైన్‌లో కనుక్కోండి.

తినొచ్చా?

'చచ్చేలోపు కోసేద్దాం' అన్నది మన ఇళ్లలో పాత అలవాటు. బాగా ఉడికిస్తే ఈ బ్యాక్టీరియా బతకదు, 60 డిగ్రీల వేడిలో పది నిమిషాలకే చస్తుంది. ప్రమాదం ప్లేటులో కన్నా కోసేటప్పుడు ఎక్కువ. రక్తం, పేగులు, ఈకలు గూటి పక్కనే పడితే మిగతా కోళ్లకు మీరే వడ్డించినట్టు. పైగా అది కలరా అని మీకెవరు చెప్పారు? జబ్బు పడ్డ కోడిని కోయొద్దు, అమ్మొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. బాగున్న కోళ్లను కూడా ఆ రోజుల్లో అయినకాడికి అమ్మేయడం చాలామంది చేసే పని. మందలోని జబ్బు ఇంకో నాలుగు ఊళ్లకు అలాగే వెళ్తుంది.

ప్రపంచానికి టీకా నేర్పిన జబ్బు, అయినా...

కోళ్ల కలరాకు సైన్స్ చరిత్రలో పెద్ద స్థానమే ఉంది. బ్యాక్టీరియా పేరులోని పాశ్చురెల్లా ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ పేరు మీదుగా వచ్చింది. తులూజ్ నగరంలోని పశువైద్య ఆచార్యుడు ఆన్రీ తూసాన్ పంపిన నమూనాతో 1879లో పాశ్చర్ దీని మీద పని మొదలుపెట్టాడు. ల్యాబ్‌లో చాలా రోజులు నిల్వ ఉన్న కల్చర్‌ను ఎక్కించిన కోళ్లు కాస్త జబ్బు పడి కోలుకున్నాయి. తర్వాత అసలైన బ్యాక్టీరియాను ఎక్కించినా చావలేదు. 1880లో ఆయన ఈ ఫలితాన్ని ప్రకటించాడు. ల్యాబ్‌లో సూక్ష్మజీవిని బలహీనపరిచి టీకాగా వాడడం అక్కడి నుంచే మొదలైంది. సెలవుల్లో మర్చిపోయిన కల్చర్ వల్ల అనుకోకుండా జరిగిందన్న కథ బాగా ప్రచారంలో ఉంది గానీ, ఆయన నోటు పుస్తకాలు చదివిన చరిత్రకారులు దాన్ని అంతగా ఒప్పుకోరు.

ఇంత చరిత్ర ఉన్న జబ్బుకు మీ పెరటి కోడికి టీకా ఎందుకు వేయరు? ఈ బ్యాక్టీరియాలో 16 ఉపరకాలు ఉన్నాయి. చంపిన బ్యాక్టీరియాతో చేసే టీకా ప్రధానంగా అందులో ఉన్న ఉపరకం మీదే పనిచేస్తుంది. మీ దగ్గర తిరుగుతున్నది వేరే రకమైతే సూది వృథా. అందుకే జబ్బు తరచూ వచ్చే చోట, రకం తెలిశాక, డాక్టర్ సలహాతో వేస్తారు. మామూలుగా 8 నుంచి 12 వారాల వయసులో ఒకటి, నాలుగు వారాల తర్వాత ఇంకోటి. ల్యాబ్ పరీక్ష దగ్గర పట్టుబట్టాలని ఇంతగా చెప్పడానికి ఇదీ ఒక కారణం. ఎవరూ నమూనా ఇవ్వకపోతే మన ప్రాంతంలో ఏ రకం తిరుగుతోందో ఎవరికీ తెలియదు.

కొక్కెర టీకా సంగతి వేరు. అది ప్రతి పెరటి కోడికీ తప్పనిసరి. మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో చుక్క, తర్వాత బూస్టర్, 8 నుంచి 10 వారాల మధ్య ఇంజెక్షన్. పశువైద్యశాలలో అడగండి. ఆ టీకా వేసి ఉంటే వరుస చావులప్పుడు అనుమానాల్లో ఒకటి బాగా తగ్గుతుంది.

గూడు మళ్లీ ఎప్పుడు నింపాలి?

కోళ్ల కలరా అని తేలిందనుకోండి. ఐదారు కోళ్లే ఉంటే, పదేపదే తిరగబెడుతుంటే, డాక్టర్ మొత్తం మందను తీసేసి కొత్తగా మొదలుపెట్టమని చెప్పొచ్చు. పేరు పెట్టి పెంచుకున్న కోళ్ల విషయంలో ఇది కష్టమైన మాట. కానీ నెలల తరబడి మందులు మింగించి, ఒక్కొక్కటిగా పోగొట్టుకోవడం కన్నా ఇదే తక్కువ బాధ. ఉంచుకోవాలనే మీ నిర్ణయమైతే ఆ మందలోకి కొత్త కోళ్లను కలపకండి. అక్కడి కోళ్లను బయటికి ఇవ్వకండి.

ఈ బ్యాక్టీరియాకు ఎండ పడదు, ఆరబెడితే చస్తుంది, మామూలు క్రిమిసంహారకాలకు లొంగుతుంది. చచ్చిన కోడిలో, తడి పెంటలో మాత్రం వారాల తరబడి బతుకుతుంది. కాబట్టి ముందు కింద పరిచిన ఊక, పెంట మొత్తం తీసి దూరంగా పూడ్చండి. తర్వాతే కడగండి. పెంట మీదే బ్లీచింగ్ చల్లితే పని జరగదు. గిన్నెలు, గంపలు రుద్ది కడిగి ఎండలో పడేయండి. రెండు మూడు వారాలు గూడు ఖాళీగా ఉంచండి. ఎలుకల బొక్కలు ఈలోపే మూసేయండి.

కొత్త కోళ్లు తెచ్చాక పాతవాటితో వెంటనే కలపొద్దు. కనీసం మూడు వారాలు వేరే గంప కింద, వేరే నీళ్ల గిన్నెతో ఉంచండి. ముందు పాతవాటికి మేత వేసి, తర్వాత కొత్తవాటి దగ్గరకు వెళ్లండి. సంతలో పెద్ద కోళ్లను కొనే బదులు టీకాలు వేసిన పిల్లలను ఒకే చోట నుంచి తెచ్చుకుంటే గొడవ తక్కువ. గుడ్డు చూడ్డానికి నాలుగైదు నెలలు ఆగాలి, అంతే తేడా.